దేని వలన, దేని చేత, దేని యందు? – మజ్జకణాల నుంచి ఎముక పుట్టుక: ఒక భావచరిత్ర

వ్యాససంగ్రహం:

ఎముక మజ్జలోని కొన్ని కణాలు ఎముకగా మారగలవనీ, ఆ మార్పును వృద్ధి కారకాలు అనే ప్రోటీనులు నడిపిస్తాయనీ నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. ఈ అవగాహన ఏర్పడటానికి సుమారు రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఆ చరిత్రను మూడు ప్రశ్నల క్రమంగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది: ఎముక దేని వలన పుడుతుంది? దేని చేత పుడుతుంది? దేని యందు పుడుతుంది? తెలుగు వ్యాకరణంలో ఇవి మూడు వేర్వేరు విభక్తులు. శాస్త్రచరిత్రలో మూడు వేర్వేరు పరిశోధన మార్గాలు. వాడుకభాషలోని 'వల్ల' అనే ఒక్క మాట ఈ మూడింటినీ కలిపివేయడం వల్ల కలుగుతున్న నష్టాన్ని చూపడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ఎముక, మజ్జ, మూలుగ, వృద్ధి కారకం, రూపజనకం, విభక్తి, పుత్తూరు కట్టు, ఫ్లోరోసిస్, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం రెవెన్యూ విభాగంలోని రోలుగుంట ఈ వ్యాసకర్త స్వస్థలం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చిన్నతనంలో మా నాయనమ్మ పొలంగట్టు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టే పెద్దాయన వెదురుబద్దలు వేసి, గుడ్డ చుట్టి, ముడి బిగించి, "నలభై రోజులు కదపకమ్మా, బొమిక అదే అతుక్కుంటాది" అన్నాడు. ఆయన చెప్పినట్లే జరిగింది. అయితే ఆ వాక్యంలోని 'అదే' అన్న మాటకు అర్థం ఏమిటన్న ప్రశ్న మాత్రం చాలాకాలం నాతో ఉండిపోయింది. తనంతట తాను అతుక్కునేది ఏది? విరిగిన ముక్కలా, వాటి మధ్య చేరిన నెత్తురా, లోపలి మూలుగా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారి చరిత్రను తెలుగు పాఠకుల ముందు ఉంచడం ఈ వ్యాసం మొదటి పని. ఆ చరిత్రలో మనకు సంబంధించిన అంశాలు కొన్ని ఉన్నాయి. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు, మద్రాసులో పుట్టిన ఒక శాస్త్రవేత్త, నెల్లూరు, నల్లగొండ జిల్లాల బావినీళ్లు అందులో భాగాలే. ఆ చరిత్ర నేర్పిన భేదాలను చెప్పడానికి మన భాష ఎంతవరకు సిద్ధంగా ఉందో పరిశీలించడం రెండవ పని.

2. మాటల్లో దాగిన సిద్ధాంతం:

'ఎముక'కు తెలుగునాట ప్రాంతాన్ని బట్టి బొమిక, బొక్క, దుమ్ము వంటి పర్యాయపదాలు ఉన్నాయి. లోపలి మెత్తని పదార్థానికి దేశ్యపదం మూలుగ, సంస్కృతసమం మజ్జ. విరిగిన ఎముక బాగుపడటాన్ని చెప్పే క్రియ మాత్రం దాదాపు అంతటా ఒక్కటే: 'అతుకు'. చిరిగిన బట్టకు అతుకు వేస్తాం, పగిలిన పాత్రకు అతుకు వేస్తాం. ఈ క్రియ వెనుక ఒక సిద్ధాంతం ఉంది. పాత ముక్కలు రెండూ అలాగే ఉండి, మధ్యలో ఏదో బంక చేరి వాటిని కలుపుతుందన్నదే ఆ సిద్ధాంతం.

శరీరంలో జరిగేది అది కాదు. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక విరిగితే మచ్చ మిగలదు. విరిగినచోట కొత్త ఎముక పుడుతుంది, కొంతకాలానికి అది పాత ఎముక ఆకృతినే పొందుతుంది. కాబట్టి విరిగిన ఎముక మానడమంటే గర్భస్థ శిశువులో జరిగిన ఎముక పుట్టుక పెద్దవయసులో కొంతమేర మళ్లీ జరగడమే. 'అతుకు' అన్న క్రియ ఈ పుట్టుకను కప్పిపుచ్చుతుంది.

ఆయుర్వేదం చెప్పిన సప్తధాతు క్రమంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం వరుసగా ఒకదాని నుంచి ఒకటి పరిణమిస్తాయి. అంటే మేదస్సు నుంచి అస్థి, అస్థి నుంచి మజ్జ. ఆధునిక శాస్త్రం మజ్జలోని కణం నుంచి ఎముక పుట్టడాన్ని చూపింది. ఇది పైకి తలకిందులైన క్రమంగా కనిపిస్తుంది. ఈ పోలికను తరువాతి భాగంలో మళ్లీ ప్రస్తావిస్తాను. ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే చెప్పుకోవాలి. ధాతు పరిణామం ఆహారపోషణను వివరించే సిద్ధాంతం. కణసిద్ధాంతం సూక్ష్మదర్శినితో ఏర్పడిన సిద్ధాంతం. రెండింటి ప్రశ్నలు వేరు గనుక, ఒకదానిలో మరొకదాన్ని ముందే చూశామని చెప్పుకోవడం చరిత్రరచన కాదు.

3. ఎర్రని ఎముకలు – అద్దకం నుంచి అస్థిశాస్త్రానికి:

ఎముక రాయిలా నిశ్చలమైనది కాదనీ, నిత్యం పెరిగే కణజాలమనీ చూపిన తొలి ఆధారాల్లో ఒకటి ఒక అద్దకందారు భోజనబల్ల మీద దొరికింది. 1736లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ బెల్చియర్ బట్టల మీద రంగులు అద్దే ఒక వ్యాపారి ఇంట భోంచేస్తూ, వడ్డించిన పందిమాంసంలో ఎముకలు ఎర్రగా ఉండటం గమనించాడు. అద్దకం పనిలో మంజిష్ఠ జాతి వేరు రంగు పీల్చుకున్న తవుడును ఆ పందికి మేతగా వేసేవారు. మాంసానికి అంటని రంగు ఎముకకు అంటింది.

ఇంగ్లండులో ఆ అద్దకపు పరిశ్రమ పుట్టిందే భారతదేశపు బట్టలను అనుకరించడానికి. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన కలంకారీ బట్టల ఎరుపు పదిహేడో శతాబ్దంలో యూరపు విపణిని ఆకట్టుకుంది. మన తీరంలో ఆ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. యూరపువారు తమకు దొరికే మంజిష్ఠ జాతి వేరును వాడారు. రెండు మొక్కలూ వేరైనా, రెండింటి వేళ్లలోనూ ఉన్న ముఖ్యమైన రంగు పదార్థం అలిజరిన్. బట్ట మీద పటికతో కలిసి నిలిచే ఈ రంగు, ఎముకలో కొత్తగా చేరుతున్న కాల్షియంతో కలిసి నిలుస్తుంది.

బెల్చియర్ పరిశీలన గురించి తెలుసుకున్న ఫ్రెంచి శాస్త్రవేత్త దుహామెల్ దు మొన్సో 1739 నుంచి జంతువులకు ఈ వేరును కొన్నాళ్లు మేతలో కలిపి, కొన్నాళ్లు ఆపి, ఎముకలను కోసి చూశాడు. ఎర్రపొరలు, తెల్లపొరలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. రంగు మేసిన రోజుల్లో చేరిన ఎముక ఎరుపు, మేయని రోజుల్లో చేరినది తెలుపు. చెట్టు కాండంలో వలయాల్లాగా ఎముకలో కాలం నమోదైంది. ఎముకను కప్పి ఉండే పలుచని పొర నుంచే కొత్త ఎముక వస్తుందని ఆయన వాదించాడు.

నేటికీ ప్రయోగశాలల్లో మజ్జకణాలు ఎముకగా మారాయో లేదో తేల్చడానికి వాడే ప్రామాణిక పరీక్షల్లో ఒకటి అలిజరిన్ ఎరుపు. మజ్జకణాలను గాజుపాత్రలో పెంచి, సుమారు మూడు వారాల తరువాత ఆ రంగు పోస్తారు. కణాలు కాల్షియాన్ని నిక్షేపించి ఉంటే పాత్ర అడుగున ఎరుపు తేలుతుంది. ఇప్పుడు వాడేది కృత్రిమంగా తయారైన రూపమే అయినా, చిరివేరులోని రంగుకు అది దగ్గరి బంధువు.

4. 'దేని వలన?' – కణాన్ని వెతికినవారు:

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వర్గీకరణలో 'వలన' పంచమీ విభక్తి. ఒక వస్తువు దేనినుంచి వెలువడిందో చెప్పడం దాని ప్రధానమైన పని. పంతొమ్మిదో శతాబ్దపు అస్థిశాస్త్రం అడిగింది ఈ పంచమీ ప్రశ్ననే: ఎముక దేని వలన వెలువడుతోంది?

ఫ్రాన్సులోని లియోన్ నగరపు శస్త్రవైద్యుడు ఒలియే 1867లో ప్రకటించిన బృహద్గ్రంథంలో ఎముక పైపొరకే ప్రాధాన్యం ఇచ్చాడు. రెండేళ్లకే, 1869లో, గూజోన్ అనే మరో ఫ్రెంచి పరిశోధకుడు ఎముక లోపలి మజ్జను తీసి శరీరంలో మరోచోట నాటితే అక్కడ ఎముక ఏర్పడిందని చూపాడు. మూలుగకు ఎముకను పుట్టించే శక్తి ఉందనడానికి తొలి ప్రయోగాత్మక ఆధారాల్లో ఇది ఒకటి. అయినా ఒక సందేహం మిగిలింది. నాటిన మజ్జే ఎముక అయిందా, లేక చుట్టూ ఉన్న ఆతిథేయ శరీరపు కణాలు వచ్చి ఎముకను కట్టాయా?

ఈ సందేహం తీరడానికి దాదాపు వందేళ్లు పట్టింది. మాస్కోలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ బృందం 1966లో మజ్జకణాలను సన్నని రంధ్రాల పొరతో మూసిన చిన్న డబ్బీలలో ఉంచి జంతువు శరీరంలో అమర్చింది. పోషకద్రవాలు ఆ రంధ్రాల గుండా పోగలవు, కణాలు పోలేవు. డబ్బీ లోపల ఎముక ఏర్పడింది. బయటి కణం లోపలికి రాలేదు గనుక ఎముక అయినది మజ్జకణమే. 1970లో ఇదే బృందం మజ్జలోని కొన్ని అరుదైన కణాలు పాత్ర అడుగుకు అంటుకుని ఒక్కొక్కటి ఒక్కొక్క గుంపుగా పెరుగుతాయని చూపింది. మజ్జలోని కణాల్లో ఇటువంటివి పదివేలకో లక్షకో ఒకటి. రక్తాన్ని పుట్టించే మూలకణాలు వేరు, ఇవి వేరు. మజ్జ అనే ఒకే ఇంట్లో రెండు వంశాలు కాపురముంటున్నాయని అప్పటి నుంచి స్పష్టమైంది.

1991లో ఆర్నల్డ్ కాప్లన్ వీటికి ఇంగ్లీషులో పెట్టిన పేరు 'మెసెంకైమల్ స్టెమ్ సెల్స్'. 1999లో పిట్టెంజర్ బృందం ఈ కణాల నుంచి ఎముక, మృదులాస్థి, కొవ్వు మూడూ ఏర్పడగలవని మానవ మజ్జకణాలతో చూపింది. ఆ పేరు ప్రపంచమంతా వ్యాపించింది. 2017లో అదే కాప్లన్, ఈ పేరు ప్రజలను తప్పుదారి పట్టిస్తోందనీ, దాన్ని మార్చవలసిన సమయం వచ్చిందనీ రాశాడు. తాను పెట్టిన పేరునే వద్దనడం శాస్త్రచరిత్రలో అరుదు. దీని కారణం తొమ్మిదో భాగంలో తెలుస్తుంది.

5. 'దేని చేత?' – సంకేతాన్ని వెతికినవారు:

'చేత' తృతీయా విభక్తి. కర్తను, సాధనాన్ని చెబుతుంది. కణం ఉంటే సరిపోతుందా? మజ్జలో ఆ కణాలు జీవితాంతం ఉంటాయి గదా, మరి అన్నివేళలా ఎముకను ఎందుకు పుట్టించవు? వాటిని ఎముక దారిలో నడిపించేది ఏది? ఈ తృతీయా ప్రశ్నను అడిగినవారు వేరొక బాటలో నడిచారు.

అమెరికన్ శస్త్రవైద్యుడు నికొలస్ సెన్ 1889లో సున్నం తీసేసిన ఎముకను ఎముకలోని గుంతలు పూడ్చడానికి వాడాడు. 1931లో చార్లెస్ హగ్గిన్స్ కుక్కలలో మూత్రాశయపు లోపొరను కండరపు పొరల్లో నాటితే అక్కడ ఎముక పుట్టడం చూశాడు. ఎముకకు సంబంధం లేని కణజాలం ఎముకను పుట్టించిందంటే, అది తాను ఎముకగా మారకుండా పక్కనున్న కణాలకు ఏదో కబురు పంపి ఉండాలి. 1945లో బెల్జియం శాస్త్రవేత్త లాక్రోయ్ ఇంకా ఎవరూ చూడని ఆ పదార్థానికి 'ఆస్టియోజెనిన్' అని ముందుగానే పేరు పెట్టాడు.

1965లో లాస్ ఏంజిలిస్‌లో మార్షల్ యూరిస్ట్ చేసిన ప్రయోగం ఈ బాటలో మలుపు. ఆమ్లంతో సున్నం తీసేసిన ఎముకను జంతువుల కండరంలో నాటాడు. అందులో సజీవ కణం ఒక్కటీ లేదు. అయినా అక్కడ కొత్త ఎముక పుట్టింది. మృతమైన ఎముకలో ఏదో సంకేతం సజీవంగా నిలిచి ఉందన్నమాట. 1971లో ఆయన దానికి పెట్టిన పేరును తెలుగులో 'అస్థి రూపజనక ప్రోటీను' అనవచ్చు. వైద్యులు బి.ఎం.పి. అని పొడి అక్షరాలతో పిలుస్తారు.

ఈ దశలో మద్రాసులో జన్మించి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, అమెరికా వెళ్లిన ఎ. హరి రెడ్డి చిత్రంలోకి వస్తారు. 1966లో నోబెల్ బహుమతి పొందిన హగ్గిన్స్‌తో కలిసి చికాగోలో ఆయన 1972లో ప్రకటించిన పరిశోధన ఎముక పుట్టుకకు దినచర్య రాసింది. సున్నం తీసిన ఎముక పొడిని ఎలుక చర్మం కింద ఉంచారు. 3వ రోజుకు చుట్టుపక్కల కణాలు వచ్చి చేరి సంఖ్య పెంచుకున్నాయి. 5 నుంచి 7 రోజులకు మృదులాస్థి ఏర్పడింది. 9వ రోజుకు రక్తనాళాలు చొచ్చుకొచ్చాయి. 10–12 రోజులకు ఎముక కనిపించింది. 21వ రోజుకు ఆ చిన్న ఎముక లోపల మజ్జ నిండింది. నలభై ఏళ్ల కిందట మూత్రాశయపు పొరతో హగ్గిన్స్ అడిగిన ప్రశ్నకు ఆయన ప్రయోగశాలలోనే కాలక్రమం దొరికింది.

ఇక్కడ రెండో భాగంలో వదిలిన పోలికను గుర్తు చేసుకోవచ్చు. ఫ్రీడెన్‌స్టైన్ ప్రయోగంలో మజ్జ ముందు, ఎముక తరువాత. రెడ్డి, హగ్గిన్స్‌ల ప్రయోగంలో ఎముక ముందు, మజ్జ తరువాత. కాబట్టి 'అస్థి ముందా, మజ్జ ముందా' అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఎముక మజ్జకు ఇల్లు కడుతుంది, ఆ ఇంట్లోని కణమే మళ్లీ ఎముకకు పని చేస్తుంది. దీన్ని సరళరేఖగా కాక చక్రంగా భావించడమే నేటి అవగాహన.

6. 'దేని యందు?' – ఆధారం లేనిదే సంకేతం లేదు:

'అందు' సప్తమీ విభక్తి. అధికరణాన్ని, అంటే ఆధారమైన చోటును చెబుతుంది. 1981లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న కాలంలో, కుబేర్ సంపత్, హరి రెడ్డి చేసిన ప్రయోగం ఈ మూడో ప్రశ్నను తెచ్చింది. సున్నం తీసిన ఎముక పొడిని గ్వానిడిన్ అనే గాఢద్రావణంలో నానబెట్టి రెండు భాగాలు చేశారు. ఒకటి ద్రావణంలో కరిగినది, అందులో సంకేత ప్రోటీనులున్నాయి. రెండోది కరగని కొల్లాజెన్ పీచు. కరిగిన భాగాన్ని మాత్రమే చర్మం కింద ఉంచితే ఎముక పుట్టలేదు. పీచును మాత్రమే ఉంచినా పుట్టలేదు. రెండింటినీ మళ్లీ కలిపి ఉంచితే పుట్టింది.

ఈ ప్రయోగపు సరళత ఎంత గొప్పదో, దాని ఫలితం అంత లోతైనది. కబురు ఉన్నా దాన్ని పట్టి నిలిపే చోటు లేకపోతే అది చెదిరిపోతుంది. చోటు ఉన్నా కబురు లేకపోతే కణం మిన్నకుంటుంది. మిగతా జీవితమంతా రెడ్డి చెబుతూ వచ్చిన త్రయం ఇదే: సంకేతం, కణం, ఆధారం. మన మాటల్లో తృతీయ, పంచమి, సప్తమి. 1988లో వోజ్నీ బృందం ఈ ప్రోటీనుల జన్యువులను గుర్తించి వేరుచేయడంతో, ఎముకల గుట్టల నుంచి మైక్రోగ్రాముల్లో తీయవలసిన పదార్థాన్ని కర్మాగారంలో తయారుచేసే వీలు కలిగింది.

7. వృద్ధి వేరు, రూపం వేరు – పరిభాష సమస్య:

తెలుగు పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో 'వృద్ధి కారకం' అనే మాట స్థిరపడింది. దీని మూలమైన ఇంగ్లీషు మాటకే రెండు చరిత్రలున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో సూక్ష్మజీవుల పెంపకానికి కావలసిన స్వల్ప పదార్థాలను ఆ మాటతో పిలిచేవారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలో 1945 నాటికి కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లం ఒక జాతి బ్యాక్టీరియాకు వృద్ధి కారకంగా కూడా గుర్తింపు పొందింది. అది మజ్జలో రక్తకణాలు పక్వం కావడానికి తప్పనిసరి అని తేలడంతో ఒక రకపు రక్తహీనతకు మందయింది. దాని చర్యను అడ్డుకునే పదార్థాలు 1948లో పిల్లల రక్తకేన్సరు చికిత్సకు దారి తీశాయి. మజ్జలోని మొదటి వంశపు చరిత్రలో ఒక తెలుగువాని పేరు ఇలా నిలిచింది.

రెండో అర్థం రీటా లెవీ-మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్‌ల పరిశోధనలతో స్థిరపడింది. కణం వెలుపలి నుంచి వచ్చి దాని పెరుగుదలను శాసించే ప్రోటీను అన్నది ఈ అర్థం. 1986లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఎముకకు సంబంధించిన కారకాలన్నీ ఈ రెండో అర్థంలోనివే.

అయితే వాటి పనులు ఒకటి కావు. ఎముక విరిగినప్పుడు గడ్డకట్టిన నెత్తుటిలోని ప్లేట్‌లెట్ల నుంచి పి.డి.జి.ఎఫ్., టి.జి.ఎఫ్.-బీటా వంటివి వెలువడి కణాలను పిలుస్తాయి, పెంచుతాయి. ఎఫ్.జి.ఎఫ్.-2 మజ్జకణాల సంఖ్యను పెంచుతుంది. వి.ఇ.జి.ఎఫ్. రక్తనాళాలను రప్పిస్తుంది. ఎముక పీచులో నిల్వ ఉండే టి.జి.ఎఫ్.-బీటా, పాత ఎముక కరిగినచోట విడుదలై మజ్జకణాలను అక్కడికి రప్పిస్తుందని 2009లో ఎలుకలలో చూపారు. ఇవన్నీ ప్రధానంగా పిలుపు, పెంపు. బి.ఎం.పి.ల ముఖ్యమైన పని వేరు. అవి కణానికి 'నీవు ఎముకవు కా' అని చెబుతాయి. ఆ ఆజ్ఞ కణకేంద్రంలోని రన్ఎక్స్2 అనే జన్యువు దాకా చేరుతుంది. 1997లో ఆ జన్యువును తొలగించిన ఎలుక పిల్లల్లో అస్థిపంజరం మృదులాస్థిగానే మిగిలిపోయింది, ఎముక ఏర్పడలేదు.

పెంపును, రూపాన్ని ఒకే 'వృద్ధి'తో చెబితే ఈ తేడా పోతుంది. చదువరి మనసులో ఎరువు వేస్తే పెరిగే మొక్క చిత్రం ఏర్పడుతుంది. అందుకే కణసంఖ్యను పెంచే వాటిని 'వృద్ధి కారకాలు' అనీ, కణపు గుణాన్ని నిర్ణయించే వాటిని 'రూపజనకాలు' అనీ వ్యవహరించాలని ఈ వ్యాసం సూచిస్తోంది. ఈ విభజన నిరపేక్షం కాదు. ఒకే ప్రోటీను మోతాదును బట్టి, సమయాన్ని బట్టి రెండు పనులూ చేయవచ్చు. టి.జి.ఎఫ్.-బీటా తొలిదశలో ఎముకకణాలకు మేలు చేసి, మలిదశలో సున్నం చేరడాన్ని అడ్డుకుంటుంది. కానీ ఒకే మనిషి తండ్రి, కొడుకు రెండూ కావచ్చునని ఆ రెండు మాటలనూ మనం ఒకటి చేయలేదు గదా.

8. ఎక్కువ ఎముక మంచి ఎముక కాదు:

వృద్ధి అంటే మేలు అనే భావన ఎంత ప్రమాదకరమో తెలుగునేల అనుభవంతోనే తెలుసు. 1937లో షార్ట్ బృందం నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో, తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వెన్నెముక బిగిసిపోయిన మనుషుల గురించి రాసింది. ఆ ఎముకలు ఎక్స్‌రేలలో మామూలుకన్నా చిక్కగా కనిపించాయి. ఫ్లోరైడ్ ఎముకను కట్టే కణాలను ప్రేరేపిస్తుంది. అది కట్టించిన ఎముక చోటుకాని చోట, కండరాల అతుకుల్లో, స్నాయువుల్లో పెరిగి మనిషిని వంచేసింది. 1955లో నల్లగొండ జిల్లా నుంచి ఇటువంటి నివేదికే వచ్చింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన యువకులలో ఎముక గుల్లబారడాన్ని కూడా చూశారు. ఒకే విషం ఒకచోట ఎముకను అతిగా కట్టింది, మరొకచోట తొలిచింది.

ఎముక గుల్లబారిన వృద్ధస్త్రీలకు ఫ్లోరైడ్‌ను మందుగా వాడి చూశారు. 1990లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో 202 మంది స్త్రీలను నాలుగేళ్లు గమనించారు. వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది, కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఇతర ఎముకలు విరగడం పెరిగింది.

రూపజనకాల చికిత్సాచరిత్ర కూడా ఇటువంటి హెచ్చరికే. కర్మాగారంలో తయారైన బి.ఎం.పి.-2ను కొల్లాజెన్ స్పాంజిలో ఉంచి వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్సలో వాడటానికి 2002లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించింది. శరీరంలో అత్యల్పంగా ఉండే పదార్థాన్ని మిల్లీగ్రాముల్లో వాడవలసి వచ్చింది. 2008లో మెడ భాగంలో వాడినప్పుడు ప్రాణాపాయకరమైన వాపులు వస్తున్నాయని అదే సంస్థ హెచ్చరించింది. 2011లో ఒక వెన్నెముక వైద్యపత్రిక, తొలి పరీక్షల్లో దుష్ఫలితాలను తక్కువచేసి చూపారని బయటపెట్టింది. 2013లో రెండు స్వతంత్ర సమీక్షలు రోగి సొంత ఎముకను తీసి అమర్చడం కన్నా ఇది స్పష్టంగా మెరుగని చెప్పలేమన్నాయి. ఈ సంకేతానికి అడ్డుకట్ట లేకపోతే ఏమవుతుందో ప్రకృతి కూడా చూపింది. బి.ఎం.పి. కబురును అందుకునే గ్రాహకపు జన్యువులో ఒక్క అక్షరం మారితే కండరాలు క్రమంగా ఎముకలవుతాయని 2006లో తేలింది. చాలా అరుదైన ఆ వ్యాధిలో పిల్లలు తమ శరీరంలోనే బందీలవుతారు.

9. 'వల్ల' – ప్రకటనల వ్యాకరణం:

ప్రాచీన 'వలన'కు నేటి రూపం 'వల్ల'. ఇది ఎక్కడినుంచి అనే అర్థాన్ని దాదాపు వదిలి, ఎందుచేత అనే హేత్వర్థాన్ని పట్టుకుంది. 'వానల వల్ల పంట పండింది' అంటాం. అందుకే 'మూలకణాల వల్ల ఎముక పెరుగుతుంది' అన్న వాక్యం చదివినవారికి, కణం ఉంటే చాలు, ఎక్కించుకుంటే చాలు, ఎముకో మృదులాస్థో పెరుగుతుందని తోస్తుంది. సంకేతం, చోటు, మోతాదు, సమయం అన్నీ ఆ చిన్న మాటలో మాయమవుతాయి.

దీని ఫలితం కేవలం భాషాపరమైనది కాదు. మా ఊరి పెద్దాయన ఒకరు మోకాళ్ల నొప్పికి ఒక నగరంలోని వైద్యకేంద్రానికి వెళ్లారు. ఆయన తుంటి ఎముక నుంచి మూలుగ తీసి, వేరుచేసి, మోకాటిలోకి ఎక్కించారు. ఒక ఏడాది చెరకు పంట మీద వచ్చిన డబ్బంతా దానికే పోయింది. నొప్పి పోలేదు. ఆయన నాకు చూపిన తెలుగు కరపత్రంలో అబద్ధపు శాస్త్రపదం ఒక్కటీ లేదు. అబద్ధమంతా 'వల్ల'లోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2017లో ప్రకటించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తవ్యాధులకు చేసే రక్తమూలకణాల మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నీ పరిశోధన దశలోనివే. అనుమతి పొందిన పరీక్షల్లో భాగంగా తప్ప వాటిని చేయకూడదు. ఈ సంగతి తెలుగులో ఆయనకు చెప్పినవారు లేరు. కాప్లన్ తన పేరును తానే ఎందుకు వద్దన్నాడో ఇక్కడ బోధపడుతుంది. ఆ పేరు చూపి చికిత్సలు అమ్ముతున్నారు.

ఇందుకు భిన్నంగా మన కట్టువైద్యుని మాటను చూడాలి. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు ఈ సంప్రదాయానికి పేరెన్నిక గన్నది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ అక్కడి సామగ్రి. ఇందులో ముఖ్యమైనది కదలకుండా ఉంచడం. విరిగినచోట చేరిన నెత్తుటిగడ్డలోనే సంకేతాలున్నాయి, పైపొరలో, మజ్జలో కణాలున్నాయి. కట్టు వాటికి స్థిరమైన చోటును కాపాడుతుంది. అంటే అతని పని సప్తమి. ఎముకను తాను పుట్టిస్తానని అతడు అనలేదు, 'అదే' అతుక్కుంటుందన్నాడు. దీన్నిబట్టి కట్టువైద్యం నిరపాయమని చెప్పడం లేదు. కట్టు మరీ బిగిస్తే రక్తప్రసారం ఆగి చేయి కుళ్లిన ఉదంతాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. ఎముక బయటికి పొడుచుకొచ్చిన గాయాలకు ఆసుపత్రే శరణ్యం. నా ఉద్దేశం ఆ వాక్యపు నిజాయితీని గుర్తించడమే.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ఎముక పుట్టుక చరిత్రలో కణాన్ని వెతికిన మార్గం, సంకేతాన్ని వెతికిన మార్గం విడివిడిగా నడిచాయి. 1981 నాటి ప్రయోగం వాటికి ఆధారం అనే మూడో అంశాన్ని చేర్చింది.

2. ఈ మూడింటినీ 'వలన', 'చేత', 'అందు' అనే విభక్తులతో తెలుగులో స్పష్టంగా చెప్పవచ్చు. కొత్త మాటలు పుట్టించడానికి ముందు ఉన్న ప్రత్యయాలను సరిగా వాడటం మేలు.

3. 'వృద్ధి కారకం', 'రూపజనకం' అన్న పదాలను వేరుచేయడం అవసరం. నెల్లూరు, నల్లగొండల ఫ్లోరోసిస్, బి.ఎం.పి. చికిత్సాచరిత్ర రెండూ వృద్ధి ఎప్పుడూ ఆరోగ్యం కాదని చూపుతున్నాయి.

4. యల్లాప్రగడ సుబ్బారావు మన పాఠ్యాంశాల్లోకి వచ్చినట్లుగా హరి రెడ్డి పరిశోధన కూడా తెలుగు విజ్ఞానరచనలో చోటు పొందాలి.

5. వైద్య ప్రకటనల తెలుగును భాషాశాఖలు పరిశోధనాంశంగా స్వీకరించాలి. అక్కడ ఒక విభక్తి తప్పితే నష్టపోయేది చదువరి ఆరోగ్యం, అతని పంట డబ్బు.

నాయనమ్మ మణికట్టు ఆనాడు నలభై రోజులకు కట్టు విప్పేసరికి కుదురుకుంది. ఆ పెద్దాయన చెప్పిన 'అదే'లో ఒక కణం, ఒక కబురు, ఒక చోటు ఉన్నాయని చెప్పడానికి లండన్ భోజనబల్ల నుంచి మాస్కో, చికాగోల దాకా ఎందరో శ్రమించారు. వారు కనుగొన్నదాన్ని అతని వాక్యమంత తేటగా రోలుగుంటలో తిరిగి చెప్పగలగడం తెలుగు అధ్యాపకుల బాధ్యత.